ఏడు పేజీల అర్జీ

నేను రాసినవాటన్నిటిలోకీ మంచిది ఒక అర్జీ. ఏడు పేజీలు, బర్మీస్‌లో, ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. అది చదివిన సైనికాధికారి తలెత్తి, ఈ భాష ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. లైబ్రరీలో అని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో పలికిన గర్వం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఆ అర్జీ మూలంగానే మా పక్కింటి తల్లీకూతుళ్లకు రావలసిన డబ్బు రాకుండా పోయింది.

మేం రంగూన్లో తాకేటా వైపు ఉండేవాళ్లం, పజుండౌన్ కాలవ దాటాక. తడికల గోడలు, ఆకుల కప్పు. వానాకాలం నాలుగు నెలలూ ఇంటి కిందే నీళ్లు. మా తాతలు గంజాం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. మా నాన్న రేవులో బస్తాలు మోశాడు. నేను నాలుగో తరగతితో బడి మానేసి సేక్కాన్ రేవు గోదాముల్లో చేరాను. ఓడలోంచి దిగిన ప్రతి బస్తాకీ పలక మీద ఒక గీత, నాలుగు గీతలకి ఒక అడ్డగీత. అదీ నా ఉద్యోగం. తెల్లవారుజామున మొదలై మధ్యాహ్నం రెండింటికి అయిపోయేది. రెండు నుంచి అయిదింటి దాకా ఊళ్లోని లైబ్రరీలో కూర్చునేవాణ్ణి.

మొదట్లో వెళ్లింది ఫ్యాను గాలి కోసం. అక్కడి ముసలాయన నా కాళ్లకున్న బురద చూసి, కుళాయి దగ్గర కడుక్కుని రమ్మన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆ రోజు బొమ్మల పుస్తకం తీశాను. నాలుగేళ్లకు బర్మీస్ తప్పులు లేకుండా చదవడం వచ్చింది. ఇంగ్లీషు సగం వచ్చింది. సైన్యం రాజ్యానికి వచ్చాక కొత్త కథల పుస్తకాలు రావడం తగ్గిపోయింది. అరల్లోకి వచ్చి చేరేవన్నీ సర్కారువే. చట్టాలు, నియమావళులు, నివేదికలు. ఉన్నవే చదివాను. ఆకలి మీదున్నవాడు అన్నంలో రాళ్లు ఏరుతూ కూర్చోడు.

అలా మా పేటలో ఎవరింటికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే వచ్చేది. మాలో చాలామంది అక్కడే పుట్టినా విదేశీయుల కార్డుల మీద బతికేవాళ్లు. ఏటా రుసుము కట్టి కొత్త ముద్ర వేయించుకోవాలి. ఆ దరఖాస్తులు నేనే రాసేవాణ్ణి. బర్మా వాళ్లు కూడా నన్ను సయా అనేవారు, అంటే పంతులు గారని. రేవులో కూలీలను కుదిర్చే ముసలి మేస్త్రి మాత్రం ఎదురుపడినప్పుడల్లా, "ఏటి లాయరు గారూ, ఇయ్యాల ఏ సట్టం తిన్నావు? అరిగిందా?" అనేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల నాకు నచ్చేది, లాయరన్నాడు కదా అని.

మా తడిక అవతల ఉండేది అప్ప. సొంత అక్క కాదు, నేనలా పిలిచేవాణ్ణి. ఆమె భర్త ఓడ కడుపులోకి జారి పడి చనిపోయాడు. బఠాణీలు రాత్రి నానబెట్టి, తెల్లవారుజామున ఉడకబెట్టి, బేసిన్ నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. రంగూన్లో పొద్దున్నే అన్నంలో ఉడికిన బఠాణీలు కలుపుకోని ఇల్లు లేదు కాబట్టి బేరానికి లోటుండేది కాదు. లాభం మాత్రం ఆ పూట బియ్యానికి సరిపోయేది. ఆమెకు ఒక కొడుకు, వాడి తర్వాత ఎనిమిదేళ్లకు పుట్టిన కూతురు.

ఆ కొడుకు పుట్టింది మనవాళ్ల దుకాణాలు సర్కారువైపోయి, ఓడలకు ఓడలు నింపి మనవాళ్లను పంపేస్తున్న రోజుల్లో. రేపు మనల్ని కూడా ఎక్కిస్తారేమో, పిల్లాడైనా ఇక్కడ వేరూని ఉండాలి అని మా పేటలో చాలామంది ఒక పని చేశారు. పక్కనున్న బర్మా కుటుంబం వాళ్ల ఇంటి పట్టికలో తమ పిల్లాణ్ణి వాళ్ల కొడుకుగా రాయించేవారు. ఇంటి పట్టిక అంటే ఆ ఇంట్లో ఎవరెవరున్నారో ఆఫీసు వాళ్లు రాసి ముద్ర వేసిన కాగితం. రేషను బియ్యం దగ్గర్నుంచి బడిలో చేరడం దాకా అన్నిటికీ అదే ఆధారం. రాయించడానికి ఒక పద్ధతి ఉండేది. కొబ్బరికాయ, రెండు అరటి అత్తాలు పళ్లెంలో పెట్టి తీసుకువెళ్లి ఇవ్వాలి. మనం దేవుడి ముందు పెట్టేవీ అవే, వాళ్లు పెద్దల ముందు పెట్టి మొక్కేవీ అవే. అందుకని ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ ఇంకో మాట అక్కర్లేకపోయేది. మూడిళ్లకొక ఇంట్లో అలాంటి పిల్లాడుండేవాడు. "రాయించిన కొడుకు" అనేవాళ్లం. అందులో దాపరికం ఏమీ ఉండేది కాదు. పేటంతటికీ తెలుసు.

అప్ప తన కొడుకుని రాయించింది సందు అవతల మొహింగా అమ్ముకునే ఆవిడ ఇంట్లో. మొహింగా అంటే చేపల పులుసులో వేసిన సేమియా. ఆవిడకు పిల్లల్లేరు. కొబ్బరికాయ అందుకుంటూ, "పేరు నాది, పాలు నీవి" అని బర్మీస్‌లో అందట. వాడికి ఒక బర్మా పేరు పెట్టింది. బడిలో ఆ పేరే. ఇంట్లో మాత్రం అప్ప పెట్టిన పేరు.

వాడికి పద్దెనిమిదేళ్లొచ్చేసరికి రేవులో పని సగమైంది. వాడు సైన్యంలో చేరాడు. విదేశీ కార్డున్న వాళ్ల పిల్లల్ని తీసుకోరు, కానీ వాడు కాగితం మీద బర్మా తల్లికి పుట్టిన బర్మావాడు కదా. మొహింగా ఆవిడ వెళ్లి తల్లి అన్నచోట సంతకం చేసి వచ్చింది. మూడేళ్లు వాడు పంపిన మనియార్డర్లు ఆవిడ పేరునే వచ్చాయి. పోస్టుమాను వెనుదిరగ్గానే చేతిలో గరిటె కూడా దింపకుండా సందు దాటి వచ్చేది. "మన కొడుకు పంపాడు" అని అప్ప చేతిలో పెట్టేది. ఒక్కసారి కూడా ఒక్క కాగితం తగ్గలేదు. ఈ సంగతి ఇక్కడే రాసిపెట్టాలి, ఎందుకంటే తర్వాత నేను చేసిన పనికి ఇది సాక్ష్యం.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఏమీ రాలేదు. ఒక మధ్యాహ్నం చంకలో కర్ర పెట్టుకుని ఒక బర్మా కుర్రాడు మొహింగా ఆవిడ ఇంటికి వచ్చాడు. ఆవిడ వాణ్ణి పొయ్యి దగ్గరి నుంచే లేవదీసి, చెయ్యి పట్టుకుని అప్ప ఇంటికి తీసుకొచ్చింది. ఎగువన కొండల్లో తనూ అప్ప కొడుకూ ఒకే దళంలో ఉండేవారట. వాడి శవాన్ని అక్కడే పూడ్చారని చెప్పాడు. నీళ్లు తాగి, ఇంకో మాట చెప్పాడు. కొండల మీదున్నంత కాలం జీతం చేతికివ్వరు, పుస్తకంలో రాస్తారు. ఎనిమిది నెలలది అలాగే ఉంది, వెళ్లి గట్టిగా అడగండి. వెళ్లేటప్పుడు ఇద్దరు ఆడవాళ్లకీ నమస్కారం పెట్టాడు. ఎవరు తల్లి అని అడగలేదు.

మర్నాడు తెల్లవారుజామున తడిక అవతల పొయ్యి వెలిగింది. నేను లేచి వెళ్లి, ఇవాళ ఎందుకప్పా అన్నాను.

"నానేసిన గింజ ఆగదు కదా తమ్ముడా" అంది.

కూతురికి అప్పుడు పదమూడేళ్లు. ఎనిమిదో తరగతి. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన పుస్తకాలు ఆ పిల్లకు ఇచ్చేవాణ్ణి. నాకంటె వేగంగా చదివేది. ఊళ్లో ఒక తెలుగు షావుకారి ఇంట్లో అంట్లు తోమి అక్కడే పడి ఉండడానికి ఒక పిల్ల కావాలని అప్పటికి రెండుసార్లు కబురొచ్చింది. రెండుసార్లూ అప్ప, అన్న డబ్బు పంపుతున్నాడు, అది చదువుకుంటాది అని తిప్పి పంపింది. మూడోసారి అడిగితే అనడానికి ఇప్పుడు అన్న లేడు. ఆ ఎనిమిది నెలల జీతం వస్తే పదో తరగతి దాకా గడుస్తుంది. అప్ప వేళ్ల మీద లెక్కపెట్టి మరీ నాకు చెప్పింది. అంతకుమించి ఆమె ఏమీ ఆశించలేదు.

పది రోజులకు దండు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మొహింగా ఆవిడ దాన్ని విప్పకుండా తెచ్చింది. నేను చదివాను. మృతుడి తల్లి ఇంటి పట్టిక, గుర్తింపు కార్డు తీసుకుని స్వయంగా వచ్చి, మిగిలిన జీతం తీసుకువెళ్లవచ్చు. అంతే. రెండు వాక్యాలు.

అప్ప అడిగింది: "అమ్మ పేరు కాడ ఎవుల్ని రాసినారు?"

ఆమెకు చదువు రాదు. నీ పేరే అని ఉంటే అయిపోయేది. కానీ నేను కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివే మనిషిని, అదే నా పరువు. మొహింగా ఆవిడ పేరు చదివాను. అప్ప తల ఊపింది. ఆమెకు తెలియని సంగతేమీ కాదు. ఇరవై రెండేళ్లుగా తెలుసు. కానీ తెలిసి ఉండడం వేరు, వాడు పోయాక పదిమందిలో చదవగా వినడం వేరు.

మొహింగా ఆవిడ సోమవారం వెళ్తానంది. సంతకం చేసి, తెచ్చి, ఎప్పటిలాగే అప్ప చేతిలో పెడతానంది. మేస్త్రి కూడా అక్కడే ఉన్నాడు. "బేగి ఎల్లి తెచ్చీసుకోండి. ఉప్పెక్కువైనా కాయితం ఎక్కువైనా కూడు పాడే" అన్నాడు. అంతా ఒప్పుకున్న వ్యవహారం. మధ్యలో నేను లేచాను.

సైన్యం డబ్బు తల్లి కాని తల్లి సంతకం పెట్టి తీసుకుంటే నేరమన్నాను. ఎవరైనా చెవిలో ఊదితే ఇద్దరూ జైలుకి వెళ్తారన్నాను. చట్టంలో దీనికి దారి ఉంది, నేను చదివాను, రెండు రోజులు ఆగండన్నాను. నిజంగానే చదివాను. సైనికుల జీతాల నియమావళి లైబ్రరీలో ఎర్ర అట్టతో ఉండేది. దాన్ని మా పేటలోనే కాదు, రంగూన్ మొత్తంలో నాలాగ చదివిన కూలివాడు ఇంకొకడు ఉండడని నా నమ్మకం. మర్నాడు వెళ్లి ఆ పేరా ఎత్తి రాసుకొచ్చాను. రికార్డులో వారసుల పేరు తప్పుగా ఉంటే, అసలు వారసులు రుజువు చూపించి దిద్దించుకోవచ్చు, బకాయిలు వారికే చెల్లించాలి. అప్ప ఇంటి ముందు నిలబడి అది చదివి, తెలుగులో అర్థం చెప్పాను.

అంత అవసరమా సయా, అంది మొహింగా ఆవిడ. అప్ప బఠాణీల్లో రాయి ఏరుతున్నట్టు వట్టి చాట మీద వేలు తిప్పుతూ కూర్చుంది.

"ఒక్క కాయితం మీదయినా ఆడి అమ్మని నానేనని ఉండాల తమ్ముడా" అంది చివరికి. "రాయి."

ఆమె రాయమంది కాబట్టే రాశానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. ఆ కోరిక ఆమెకు పుట్టించింది ఎవరు? సోమవారం డబ్బు వస్తుందనుకున్న మనిషికి, డబ్బూ వస్తుంది పేరూ వస్తుందని ఆశ చూపించింది ఎవరు?

లైబ్రరీలో కూర్చుని రాశాను. చిత్తు రాసి, దిద్ది, మళ్లీ రాసి, దొరతనం వాళ్లు వాడే మర్యాద పదాలన్నీ వెతికి పెట్టాను. వాణ్ణి అందుకున్న మంత్రసాని చెయ్యి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. పట్టికలో ఎందుకు రాయించారో, మా పేటలో ఆ ఆచారం ఎంత కాలంగా ఉందో, కొబ్బరికాయ, అరటి అత్తాలు, ఆవిడ "పేరు నాది, పాలు నీవి" అనడం, అన్నీ రాశాను. ఎంత గొప్ప స్నేహమో చూడండి, రెండు జాతులు ఎలా కలిసి బతుకుతున్నాయో చూడండి అని రాశాను. నాలుగో పేజీ మొత్తం అదే. అది చదివిన వాడి మనసు కరక్కుండా ఎలా ఉంటుందనుకున్నాను.

పేటలో చదివి వినిపిస్తే ఆడవాళ్లు ఏడ్చారు. మేస్త్రి మాత్రం చుట్ట ఆర్పుకుని వెళ్లిపోయాడు. అసూయ అనుకున్నాను.

దండు ఊరికి ఉత్తరాన ఉంది. రెండు బస్సులు మారాలి. నేను పని మానుకుని వెళ్లేవాణ్ణి. అప్ప పొద్దుటి బేరం వదులుకోలేదు కాబట్టి ఆ రోజుల్లో బేసిన్ కూతురు మోసేది, బడి మానేసి. మొదటిసారి గుమస్తా అర్జీ బరువు చూసి, ఇది అర్జీయా పెళ్లి కట్నాల జాబితానా అన్నాడు. రెండోసారి, కాలాల లాయరొచ్చాడు జరగండి అన్నాడు పక్కవాడితో. కాలా అంటే మమ్మల్ని తిట్టడానికి వాళ్లు వాడే మాట. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా "మషీబూ" అనేవాడు. లేదు అని. ఆఫీసరు మషీబూ, ఫైలు మషీబూ, తాళంచెవి మషీబూ. అప్పకు బర్మీస్‌లో బేరాల మాటలు తప్ప పెద్దగా రావు, కానీ ఆ మాట మాత్రం నాకంటె ముందే అర్థమయ్యేది. గుమస్తా నోరు తెరవకముందే బెంచీ మీంచి లేచి చీర దులుపుకునేది.

నిజానికి అదే మంచి కాలం. ఆ ఫైలు అలాగే మషీబూగా ఉండిపోయినా, మొహింగా ఆవిడ వెళ్లి సంతకం పెట్టే దారి ఇంకా తెరిచే ఉండేది. ఆవిడ రెండుసార్లు అడిగింది కూడా, ఇప్పుడు వెళ్లనా అని. వద్దు, అర్జీ లోపలుంది, రెండు దారుల్లో అడిగితే అనుమానిస్తారన్నాను.

వానలు వెనకబట్టాక ఒక రోజు మమ్మల్ని లోపలికి పిలిచారు. ఆఫీసరు మధ్య వయసువాడు, కళ్లజోడు, శుభ్రమైన చేతులు. మమ్మల్ని కూర్చోమన్నాడు. ఏడు పేజీలూ నిదానంగా చదివాడు. నాలుగో పేజీ రెండుసార్లు చదివాడు. నా ఒళ్లు పొంగింది.

భాష ఎక్కడ నేర్చుకున్నావని అప్పుడే అడిగాడు. మంచి బర్మీస్ అన్నాడు. మా గుమస్తాలకి ఇందులో సగం కూడా రాదన్నాడు. తర్వాత అప్ప వైపు తిరిగి ఆ అబ్బాయి నీకు పుట్టిన కొడుకేనా అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. అవునంది. పట్టికలో ఉన్న ఆడమనిషి వాడి తల్లి కాదా? కాదంది. అది నీకూ ఆమెకూ మొదటి నుంచీ తెలుసా? తెలుసంది. చేరేటప్పుడు వాడికీ తెలుసా?

అప్ప ఆ ప్రశ్నకు నవ్వింది. ఆ గదిలో ఆమె నవ్వడం నాకు బాగా గుర్తు. "అదేటి బాబూ, అమ్మెవులో ఆడికి తెలవదా?" అంది. నేను ఆ మాటను శుభ్రమైన బర్మీస్‌లోకి మార్చి ఆయన చేతికిచ్చాను.

అంతా రాసుకున్నారు. సిరాపెట్టె తెచ్చి అప్ప వేలిముద్ర వేయించుకున్నారు. మూడుచోట్ల. అనువాదం చేసినందుకు నేను సంతకం పెట్టాను, కింద గీత కూడా గీసి.

తిరుగు బస్సులో ఆమె సిరా వేలు కొంగుకు తుడుచుకోకుండా పైకి పట్టుకుని కూర్చుంది. పెద్దాయన ఏమన్నాడని అడిగింది.

"నా బర్మీస్ బాగుందన్నాడు" అన్నాను.

"అయితే ఇస్తారన్నమాట" అంది.

మొదటి దెబ్బ మొహింగా ఆవిడకు తగిలింది. పేట కౌన్సిలు వాళ్లు వచ్చి ఆమె ఇంటి పట్టిక పట్టుకుపోయారు. పట్టిక లేకపోతే రేషను బియ్యం లేదు, నూనె లేదు. మూడుసార్లు పిలిపించారు. మూడోసారి ఏం జరిగిందో ఎవరికీ చెప్పలేదు. తిరిగొస్తూ మా ఇంటి ముందు ఆగింది. కేకలు వేస్తుందనుకున్నాను. ఆవిడ కేకలు వేయలేదు.

"సయా, నువ్వు రాసినదంతా నిజమే" అంది. "నిజం చెప్పమని నిన్ను ఎవరడిగారు?"

నెల తిరక్కముందే పొయ్యి, బాన తీసుకుని నది అవతల దలాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు అప్పను కావలించుకుంది. నావైపు చూడలేదు.

తర్వాత ఉత్తర్వు వచ్చింది. ఈసారి అప్ప ఇంటికే, అప్ప పేరుకే. ఆమె పేరు మీద ఇంటికి ఒక ఉత్తరం రావడం అదే మొదటిసారి. బఠాణీల బేసిన్ బోర్లించి దాని మీద కూర్చుని, చదువు తమ్ముడా అంది. కూతురు గడపలో నిలబడింది. ఒక్క పేజీ. మృతుడు తల్లి ఎవరన్నది దాచి, విదేశీయురాలి సంతానమై ఉండి, అబద్ధపు పట్టికతో సైన్యంలో చేరాడు. తల్లి స్వయంగా ఒప్పుకుని వేలిముద్ర వేసింది. కాబట్టి ఆ చేరిక మొదటి నుంచీ చెల్లదు. చెల్లని సైనికుడికి జీతం ఉండదు, బకాయి ఉండదు. తల్లి పేదరికం చూసి కేసు పెట్టకుండా వదిలేస్తున్నారు.

చదవడం అయ్యాక నేను కాగితం మడత పెట్టబోయాను.

"అయితే ఆడు సిపాయి కాడా?" అంది అప్ప.

"కాదంటున్నారు."

"మరి సచ్చిపోనాడు కదా."

"అవునప్పా."

"సిపాయి కాకపోతే కొండల్లోకి ఏల తీసుకెల్లినారు?"

ఏ పుస్తకంలోనూ చదవని ప్రశ్న అది. ఆమె చెయ్యి చాచి, "అమ్మ పేరు కాడ ఎవుల్ని రాసినారు?" అని అడిగింది.

"నిన్నే."

"ఎక్కడ?"

వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ చోటు మీద బొటనవేలు ఆనించి అలాగే ఉంచింది. తర్వాత కాగితం పుచ్చుకుని లోపలికి వెళ్లి, భర్త ఫోటో, కొడుకు చిన్నప్పటి మొలతాడు ఉన్న రేకుపెట్టెలో పెట్టింది. ఆమె అడిగిన కాగితం ఆమెకు వచ్చింది.

నేను మర్నాడు లైబ్రరీకి వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తీశాను. నేను ఎత్తి రాసుకున్న పేరా కిందే ఇంకో పేరా ఉంది. తప్పుడు వివరాలతో చేరినవాళ్ల సంగతి. నేను చూడలేదని చెప్పుకోవడానికి లేదు. దాని పక్కన నా పెన్సిలు చుక్క ఉంది. చదివిన ప్రతి పేరా పక్కనా చుక్క పెట్టుకోవడం నా అలవాటు. చదివాను, దాటిపోయాను. అది దొంగల సంగతి, మోసగాళ్ల సంగతి అనుకున్నాను. పళ్లెంలో కొబ్బరికాయ పెట్టి అందరి ముందూ ఇచ్చి రాయించిన కొడుకు మోసమెలా అవుతాడు? మా పేటలో ఎవరికీ ఆ ఊహ రాలేదు. నాకు కూడా రాలేదు. మేస్త్రికి వచ్చి ఉంటుంది. ఆయనకు చదువు రాదు.

ఆ ముసలి మేస్త్రి తర్వాత నన్నెప్పుడూ లాయరు అని పిలవలేదు. ఎదురుపడితే తప్పుకుని పోయేవాడు. ఆ పిలుపు కోసం ఇంత తపిస్తానని అప్పటిదాకా నాకు తెలియదు.

షావుకారి ఇంటి నుంచి మూడోసారి కబురు వచ్చింది. అప్ప తిప్పి పంపలేదు. పిల్ల వెళ్లే రోజు పొద్దున నా దగ్గరికి వచ్చి, ఇచ్చిన పుస్తకం తిరిగి ఇచ్చింది. న్యూస్‌పేపరు అట్ట వేసి ఉంది. సగంలో వెదురు పుల్ల గుర్తు పెట్టి ఉంది. ఉంచుకో, అక్కడ చదువుకోవచ్చు అన్నాను.

"ఒద్దు మావా. లైబ్రరీ గడువు దాటిపోతాది" అంది.

గడువు సంగతి దానికి నేర్పింది నేనే. వెదురు పుల్ల తీయకుండానే పుస్తకం తిరిగి అప్పగించాను.

ఆ తర్వాత కూడా నేను తాకేటాలోనే ఉన్నాను, అదే ఇంట్లో, అదే తడిక పక్కన. పేటలో కాగితాలు నా దగ్గరికి రావడం కొంతకాలం ఆగి, మళ్లీ మొదలయ్యాయి. వేరే దిక్కు లేక. అప్ప మాత్రం రేషను చీటీ కూడా నాచేత చదివించుకోలేదు. పలకరిస్తే పలికేది. గింజలు మిగిలితే గిన్నెలో పెట్టి పంపేది. అందులో ఎప్పుడూ తేడా రాలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించేది.

నెలకొకసారి కూతురికి సగం పూట సెలవు ఉండేది. అంట్ల సోడాతో చేతులు పాలిపోయి వచ్చేది. తల్లి అన్నం పెట్టేది. తిన్నాక రేకుపెట్టె మూత చప్పుడయ్యేది. అప్ప ఆ కాగితం దానిచేత చదివించుకునేది, మొదటి నుంచి చివరిదాకా. తడిక పల్చటిది, అంతా వినిపించేది. చట్టం వాళ్లు వాడే కష్టమైన మాటలు అందులో చాలా ఉన్నాయి. ఆ పిల్ల ఎక్కడా తడబడేది కాదు. ఆ మాటలు పలకడం దానికి నేర్పింది కూడా నేనే.